ఏడు డిగ్రీలు

రామమోహనరావు తన అజాగ్రత్త వల్లనే చనిపోయాడని ఎనిమిది నెలలుగా ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన్ని ఎరిగినవాళ్లంతా నమ్మారు. అందరికన్నా గట్టిగా నమ్మినది ఆయన భార్య డాక్టర్ లీల. ముప్పై రెండేళ్లపాటు కార్లకు స్టార్టర్ మోటార్లు డిజైన్ చేసిన మనిషి, మార్చి నెలలో ఒక శనివారం ఉదయం తన గరాజ్‌లో 1911 నాటి కారును ఇనుప హ్యాండిల్‌తో తిప్పబోయాడు. అది వెనక్కి తన్నింది. వెల్లకిలా సిమెంటు నేల మీద పడి, తల పగిలి చనిపోయాడు. అలాంటి కారును చేత్తో తిప్పేముందు స్టీరింగ్ దగ్గరున్న చిన్న మీటను కిందికి దించాలి; లేకపోతే నిప్పురవ్వ ముందే పడి ఇంజన్ వెనక్కి తంతుంది. పోలీసులు వచ్చేసరికి మీట పైనే ఉంది. ఆయన మరిచిపోయాడు. నిన్న మధ్యాహ్నం దాకా ఇంతే కథ.

నిన్న, పక్క ఊరు ట్రాయ్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్న, ఆ ఇంటికి రాకపోకలున్న అమ్మాయి చరిత వచ్చింది. ఆ పాత కారు కోసం రామమోహనరావు చేతులతో తయారుచేసి, సరిగ్గా పనిచేయకముందే వదిలి వెళ్లిన స్టార్టర్‌ను విప్పి బాగుచేసి మళ్లీ బిగించింది. ఇంజన్‌ను తిప్పి, నిప్పురవ్వ ఎక్కడ పడుతోందో కొలిచింది. మీట పూర్తిగా కిందికి దించి ఉన్నా, రవ్వ పడవలసిన చోటు కన్నా ఏడు డిగ్రీలు ముందే పడుతోంది. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఏడే. అంటే ఆ ఉదయం మీట ఎక్కడున్నా, హ్యాండిల్ పట్టుకున్న చేతికి ప్రమాదం పొంచే ఉంది. ఆ గరాజ్‌లో పనిచేసినవాళ్లు ఇద్దరు. ఒకరు లేరు. రెండోవారికి లీల ఫోన్ చేసి ఈ రోజు, ఆదివారం, మూడు గంటలకు రమ్మంది.

మూడుకు పది నిమిషాలుండగా, ఈ రోజూ వచ్చిన చరిత చేతులు తుడుచుకుంటూ లేచింది.

“నేను ఉండాల్నా ఆంటీ, పోవాల్నా?”

“వెళ్లమ్మా. నీ కొలతలు నా దగ్గర పెట్టి వెళ్లు.”

చరిత కాగితం బల్ల మీద పెట్టింది గాని కదలలేదు. “ఒక మాట చెప్తా, తిట్టకండి. మా ఆఫీస్‌ల సేఫ్టీ మీటింగ్ అయితే అంకుల్ కథనే ఎగ్జాంపుల్ లెక్క చెప్పిన. పేరు చెప్పలే. ఎంత ఎక్స్‌పీరియన్స్ ఉన్నా ఒక్క స్టెప్ మర్చిపోతే గింతే అని చెప్పిన. ముప్పై మంది విన్నరు. ఇప్పుడు వాళ్లకు ఏం చెప్పాలె?”

“ఏం చెప్పాలో నాకూ తెలియదు. సాయంత్రానికి తెలుస్తుందేమో చూద్దాం.”

చరిత కారు వీధి మలుపు తిరిగాక దామోదర్ కారు వచ్చింది. డెబ్భై ఆరేళ్ల మనిషి. రామమోహనరావుతో ఒకే కంపెనీలో, పక్క పక్క బల్లల దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. చేతిలో స్టీలు డబ్బా ఉంది.

“మా ఆవిడ పులిహోర పంపింది. మీరు సరిగ్గా తినడం లేదని బెంగ పెట్టుకుంది.”

లీల డబ్బా అందుకోలేదు. ఆయన దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒక క్షణం అటూ ఇటూ చూసి, బల్ల చివర పెట్టాడు. అప్పుడు కారు వైపు చూశాడు. ఎత్తి పెట్టిన బానెట్ కింద, ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం పక్కన, రాగి తీగలు చుట్టిన నల్లటి మోటార్ కనిపించింది. ఆయన మొహం క్షణంపాటు అన్నీ మరిచి వెలిగింది.

“మళ్లీ బిగించేశారే. ఎవరు, చరితేనా? తిరిగిందా?”

“తిరిగింది. ఎనిమిది సెకన్లలో ఇంజన్ అందుకుంది.”

“వదిలిందా? ఇంజన్ అందుకున్నాక మోటార్ వదిలిందా?”

“వదిలింది.”

దామోదర్ మోటార్ మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

ఆ ప్రశ్నలు లీలకు కొత్తవి కావు. రెండేళ్లపాటు పొద్దున కాఫీ దగ్గర భర్త నోట విన్నవే. వందేళ్ల కిందటి ఇంజనీర్లకు ఎదురైన చిక్కులనే మళ్లీ మొదటినుంచి, వాళ్ల కాలపు సామానుతోనే విప్పాలన్నది ఆయన పట్టుదల. ఇంజన్‌ను ఆగకుండా తిప్పగల మోటార్ కట్టాలంటే దానికే సగం కారు కావాలి. అందుకే ఆ రోజుల్లో చాలామంది ఇది అయ్యే పని కాదన్నారు. కాని ఆగకుండా తిప్పవలసిన అవసరమేముంది? పది సెకన్లు చాలు. పది సెకన్లే అయితే చిన్న మోటార్ చేత దాని తాహతుకు అయిదింతలు పని చేయించవచ్చు, తీగలు కాలేలోగా ఆపేస్తే సరి. అది మొదటి చిక్కు. ఆ పది సెకన్లకు సరిపడా కరెంటును చలికాలపు బ్యాటరీ నుంచి పిండడం రెండోది. మూడోది అసలైనది: మోటార్ ఇంజన్‌ను తిప్పాలి గాని, ఇంజన్ అందుకున్న మరుక్షణం దాన్ని వదిలేయాలి. వదలకపోతే ఇంజన్ ఆ బుల్లి మోటార్‌ను ఇరవై రెట్ల వేగంతో తిప్పి ముక్కలు చేస్తుంది. అందుకోసం ఒకవైపు మాత్రమే పట్టు ఇచ్చే క్లచ్ కావాలి. మార్చి నాటికి రామమోహనరావు మొదటి రెండూ గెలిచాడు. మూడోది ఒకరోజు పట్టు ఇచ్చేది, ఒకరోజు జారేది.

“ఈ రోజు వాడుంటే…” అన్నాడు దామోదర్.

“కూర్చోండి. ఒక కొలత చూపిస్తాను.”

ఆయన కాగితం అందుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. చదవడానికి అయిదు సెకన్లు చాలిన అంకెలు అవి. ఆయన చాలాసేపు చదివాడు.

“చరిత చిన్నపిల్ల. ఇలాంటి పాత ఇంజన్ ఎప్పుడూ చూసి ఉండదు. కొలవడంలో…”

“మూడుసార్లు కొలిచింది. నేను పక్కన నిలబడి చూశాను.”

“లోపలి పళ్ల చక్రాలు అరిగితే కూడా మారుతుంది లీలగారూ.”

“ఎనిమిది నెలలుగా కదలని ఇంజన్‌లో అరుగుదల ఎక్కడినుంచి వచ్చింది? ఫిబ్రవరిలో ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్న కొలత సరిగ్గానే ఉంది.”

దామోదర్ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. లీల తొందరపెట్టలేదు. ముప్పై ఏళ్లు పాథాలజిస్టుగా పనిచేసినది. గాజు పలక మీద ఉన్నది తనంతట తాను మాట్లాడే వరకు ఓపిక పట్టడం ఆమె వృత్తి.

“మీ కంపెనీ అలవాటు ఒకటి ఈ గరాజ్‌లోకి కూడా తెచ్చారుగా ఆయన,” అంది కాసేపటికి. “ఎవరు ఏ సెట్టింగ్ మార్చినా దానికి ఒక పసుపు చీటీ కట్టాలి. ఏం మార్చారు, ఎంత, ఏ రోజు, ఎవరు. ఇంట్లో హీటర్‌కి కూడా కట్టేవారు. నిన్న రాత్రి ఇక్కడున్నవన్నీ విప్పి చూశాను. మీ సంతకం ఉన్నవి పదహారు. రేడియేటర్ గొట్టం మార్చినదానికి కూడా ఉంది. నిప్పురవ్వ టైమింగ్‌కి మాత్రం ఎవరి చీటీ లేదు.”

బయట పక్కింటివాళ్లు బ్లోయర్‌తో ఆకులు ఊడుస్తున్నారు. ఆ మోత ఆగాక దామోదర్ కాగితం బల్ల మీద పెట్టాడు.

“గురువారం,” అన్నాడు. “వాడు డెంటిస్ట్ దగ్గరకు వెళ్లాడు. మీకు గుర్తుండే ఉంటుంది, పన్ను తీయించుకున్నాడు. నేనొక్కడినే ఉన్నాను.”

“చెప్పండి.”

“చేత్తో తిప్పే మనిషికి దెబ్బ తగలకుండా రామం టైమింగ్ బాగా ఆలస్యంగా పెట్టాడు. దానివల్ల స్టార్ట్ అవడం సుఖంగానే అయ్యేది గాని నడిపితే ఇంజన్ ఉడికిపోయేది, ఎత్తు ఎక్కలేకపోయేది. స్టార్టర్ వచ్చేసింది, ఇక చేత్తో తిప్పేదెవరు, పాపం ఈ ఇంజన్‌ని ఎందుకు తొక్కిపెట్టడం అనుకున్నాను. బోల్టు వదులుచేసి కొంచెం జరిపాను. ఏడు డిగ్రీలు. నేనూ కొలిచే జరిపాను.”

“చీటీ?”

“కడితే ఒప్పుకోడు. వాడి సంగతి మీకు తెలియనిదా? రెండు గంటలు క్లాసు పీకి మళ్లీ వెనక్కి జరిపేవాడు. ముందు ఇంజన్ ఎంత హాయిగా నడుస్తుందో వినిపించి, వాడు ఆశ్చర్యపోయాక చెబుదామనుకున్నాను. చిన్నపిల్లలు సర్‌ప్రైజ్ ఇచ్చినట్టు.”

“శనివారం పొద్దున మీరు వచ్చేసరికే ఆయన పడిపోయి ఉన్నారని చెప్పారు. పోలీసు రిపోర్టులో అలాగే ఉంది.”

“అది అబద్ధం.”

ఆ మాటను ఆయన మామూలుగా, టైమ్ చెప్పినట్టు చెప్పాడు. ఎనిమిది నెలలు మోసిన బరువును ఎవరైనా దించేటప్పుడు పెద్ద చప్పుడు అవుతుందని మనం అనుకుంటాం. అవదు.

“స్టార్టర్ నొక్కాడు. మోటార్ తిరిగింది గాని క్లచ్ జారింది, ఇంజన్ కదల్లేదు. నాలుగుసార్లు నొక్కాడు. ‘ఒరేయ్ దామూ, ఇది ఈ రోజు మూడ్‌లో లేదురా, పాత పద్ధతే దిక్కు’ అని గోడనున్న హ్యాండిల్ తీశాడు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.”

“మీరు చెప్పలేదు.”

“లెక్క వేశాను.” అన్నాడు దామోదర్. “చల్లటి ఇంజన్. నెమ్మదిగా తిప్పుతాడు. ఏడు డిగ్రీలకి రవ్వ పడ్డా తన్నేంత బలం ఉండదని మనసులోనే లెక్క వేసి తేల్చుకున్నాను. నలభై ఏళ్లు ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కదా, లెక్క త్వరగానే వచ్చింది. అసలు సంగతేమిటంటే, ఇప్పుడు చెబితే తిడతాడు. ఆ తిట్టు తప్పించుకోవడానికి వేసిన లెక్క అది, లీలగారూ. ఇంకేం కాదు.”

లీల స్టీరింగ్ దగ్గరున్న మీట వైపు చూసింది.

“మీట దించారా ఆయన?”

“దించాడు. ఎప్పటిలాగే పైకి వల్లించాడు కూడా. మీట కింద, గేరు ఖాళీ, బ్రేకు వేసింది, బొటనవేలు హ్యాండిల్‌కు బయట. ఒక్కటీ మరిచిపోలేదు.”

మరిచిపోలేదు. ఆ ఒక్క మాట చుట్టూ ఆమె ఎనిమిది నెలల జీవితం కట్టుకుంది. దహనం రోజున ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. హాల్లో ఆయన ఫోటో పెడదామని కూతురు నిధి అంటే వద్దంది. “మీ నాన్న ఒక మీట దించడానికి బద్ధకించి మనిద్దరినీ ఇలా చేశాడు” అని ఫోన్‌లో, ఒకసారి కాదు, ఎన్నోసార్లు అంది. ఆ కోపమే పొద్దున లేపేది, అన్నం వండించేది. దుఃఖం చేయలేని పనులన్నీ కోపం చేసిపెట్టింది. ఇప్పుడు ఎదుటి మనిషి ఆ కోపాన్ని ఆమె చేతుల్లోంచి మెల్లగా తీసేసుకుంటున్నాడు. దాని కింద ఏముందో ఆమె ఇంతవరకు చూడలేదు.

“మరి పోలీసులు వచ్చేసరికి మీట పైకెలా వెళ్లింది?”

“నేనే ఎత్తాను.” అన్నాడు దామోదర్. “వాడే ఎత్తమన్నాడు.”

“ఎవరు?”

“రామం.”

“మీరు వచ్చేసరికే స్పృహలో లేరని నాకు మీరే చెప్పారు.”

దామోదర్ తల వంచుకున్నాడు. లీలలో భార్య ఆగిపోయి డాక్టర్ లేచింది. పోస్ట్‌మార్టమ్ రిపోర్టు ఆమె మూడుసార్లు చదివింది. పుర్రె ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తస్రావం. అలాంటి దెబ్బ తగిలిన కొందరు పడ్డచోటే స్పృహ కోల్పోతారు. కొందరు లేచి కూర్చుంటారు, మాట్లాడతారు, నవ్వుతారు, లోపల రక్తం పేరుకుంటూ ఉంటుంది. కాసేపటికి హఠాత్తుగా ఒరిగిపోతారు. వైద్య విద్యార్థులకు ఆమె స్వయంగా ఈ పాఠం చెప్పింది. ఆ మధ్యలో దొరికే సమయమే మనిషిని బతికించే సమయమని, దాన్ని నమ్మి మోసపోవద్దని చెప్పేది. తన భర్త రెండో రకం కావచ్చునన్న ఆలోచన వచ్చింది కూడా. కాని మొదట చూసిన సాక్షి కాదన్నాడు. ఆమె సాక్షిని నమ్మింది.

“అయితే లేచారు.”

“లేచి కూర్చున్నాడు. తల వెనక తడుముకుని నవ్వాడు. నేను ఏడుస్తూ చీటీ కట్టని సంగతి చెప్పేశాను. ఒక్క తిట్టు తిట్టలేదు. కాసేపు ఇంజన్ వైపే చూసి, ‘ఎత్తరా ఆ మీట. నేనే మరిచిపోయానని చెబుదాం. లేకపోతే లీల నిన్ను జన్మలో గడప తొక్కనివ్వదు’ అన్నాడు. సరదాగానే అన్నాడు. పోతాడని వాడికీ తెలియదు, నాకూ తెలియదు.”

“చాలా అనుకూలంగా ఉంది మీకు ఈ మాట,” అంది లీల. “తప్పు మీది. దాచమన్నది ఆయన. విన్నవాళ్లెవరూ లేరు. ఇదే నా దగ్గరకు రిపోర్టుగా వచ్చి ఉంటే సంతకం పెట్టేదాన్ని కాదు.”

“పెట్టవద్దు. నమ్మమని అడగడానికి నాకు మొహం లేదు.”

“ఎంతసేపు కూర్చున్నారు?”

“ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు.”

“అంతసేపు మీరు అంబులెన్స్‌ని పిలవలేదు.”

“పిలుస్తానన్నాను. ఇంట్లో డాక్టరుండగా అంబులెన్స్ ఎందుకురా అన్నాడు. మీకే ఫోన్ చేశాడు, వాడి చేత్తోనే. రింగ్ అవుతూనే ఉంది. మీరు ఎత్తలేదు.”

గరాజ్ తలుపు సందులోంచి వచ్చిన ఎండ నేల మీద సన్నని గీతగా పడి ఉంది. లీల తన ఫోన్‌ను చేతిలోకి తీసుకుంది.

ఆ ఫోన్ ఆమెకు తెలుసు. ఆ శనివారం ఆమె ఎప్పటిలాగే ఉచిత క్లినిక్‌లో ఉంది. పొద్దున బయల్దేరేముందు ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. వారమంతా గరాజ్‌లోనే ఉంటున్నారని, పెళ్లాం కన్నా ఆ ఇనుప ముక్క ఎక్కువైందని ఆమె అంది. క్లినిక్‌లో బల్ల మీద ఫోన్ మోగి ఆయన పేరు కనిపించింది. ఇంజన్ స్టార్ట్ అయిందని చెప్పడానికే అనుకుంది. ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టి తరువాతి పేషెంట్‌ను పిలిచింది. తరువాత, ఆయన పోయారని తెలిశాక, ఆ పిలుపు దామోదర్ చేసి ఉంటాడని, భర్త ఫోన్‌తో తనకు కబురు చెప్పబోయాడని తేల్చుకుంది. అడిగి రూఢి చేసుకోలేదు. పోస్ట్‌మార్టమ్ రిపోర్టు మూడుసార్లు చదివిన మనిషి, ఏ విషయాన్నీ రుజువు లేకుండా ఒప్పుకోని మనిషి, తన ఫోన్‌లో ఆ ఒక్క జాబితాను ఇంతవరకు తెరవలేదు.

ఇప్పుడు తెరిచింది. వేలితో పైకి జరుపుతూ నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది. దామోదర్ అటు చూడలేదు.

తొమ్మిది యాభై రెండు.

అంబులెన్స్‌కు ఫోన్ వెళ్లిన సమయం రిపోర్టులో ఉంది. పది పందొమ్మిది. తీసివేత చిన్నపిల్లలు కూడా చేయగలిగినదే. ఇరవై ఏడు నిమిషాలు. ఫోన్ ఎత్తి ఉంటే ఆమె ఏమనేదో ఆమెకు తెలుసు. తల నేలకు తగిలిందా అని ఒక్క ప్రశ్న అడిగేది, ఆ తరువాత ఒక్క క్షణం కూడా వృథా కానిచ్చేది కాదు. హాస్పిటల్ తొమ్మిది నిమిషాల దూరం.

ఆమె కారు మడ్‌గార్డ్‌ను పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూర్చుంది.

“ఈ ఒక్కటీ చెప్పకూడదనుకున్నాను,” అన్నాడు దామోదర్. “నేను వచ్చేసరికే వాడికి స్పృహ లేదని చెబితే మీకు ఈ లెక్క ఉండదనుకున్నాను. నాకోసం చెప్పిన అబద్ధాలున్నాయి. ఇది మాత్రం నాకోసం కాదు.”

“అంబులెన్స్‌కు ఇరవై ఏడు నిమిషాల ముందు ఆ ఫోన్ పట్టుకున్నది ఆయనేనని నాకెలా తెలియాలి?” లీల గొంతు తనకే కొత్తగా వినిపించింది. అలా కాకపోతే బాగుండునని అడుగుతున్నట్టుంది. “మీరూ చేసి ఉండవచ్చు. ఆయన అప్పటికే స్పృహలో లేకపోయి ఉండవచ్చు. చెప్పండి, అలాగే జరిగిందని చెప్పండి. ఒప్పుకుంటాను.”

దామోదర్ తల అడ్డంగా ఊపాడు.

“మీరు ఎత్తకపోతే నిధికి చేశాడు,” అన్నాడు. “మాట్లాడాడు.”

నిధి. దూరంగా వేరే రాష్ట్రంలో, ఐసెలిన్‌లో ఉంటుంది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. తల్లి తండ్రిని తిట్టినప్పుడల్లా అవతల మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్ని లీల అంగీకారమనుకుంది.

ఆమె నంబర్ నొక్కింది. రెండో రింగ్‌కే నిధి ఎత్తింది. వెనక పిల్లల గోల, టీవీ చప్పుడు.

“హాయ్ అమ్మా. నేనే కాల్ చేద్దామనుకున్నా. లంచ్ చేశావా?”

“నిధీ, దామోదర్ అంకుల్ వచ్చారు. గరాజ్‌లో ఉన్నాం.”

అవతల ఏదో తలుపు మూసుకుంది. పిల్లల గోల దూరమైంది. నిధి ఎక్కడో ఒంటరిగా నిలబడిందని, ఊపిరి చప్పుడును బట్టి తెలిసింది. లీల ఇంకా ఏమీ అడగలేదు.

“అంకుల్ చెప్పేశారా, అమ్మా?”

లీల కళ్లు మూసుకుంది. కోరిన రుజువు, అడగకముందే వచ్చింది.

“చెప్పారు.”

“అంతా?” ఇక్కడే పుట్టి పెరిగిన నిధికి తెలుగు మాటలు ఎప్పుడూ కాస్త వెతుక్కుంటే గాని దొరకవు. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా, ఎన్నోసార్లు సాధన చేసినట్టు పేర్చింది. “నాన్న తల నొప్పిగా ఉందన్నాడు. నిద్ర వస్తోందన్నాడు. అమ్మ వచ్చేదాకా కాసేపు పడుకో నాన్నా అని నేనే అన్నాను. అంకుల్ అది కూడా చెప్పారా?”